బుధవారం వచ్చే మెయిల్‌ని పనిగా మార్చడం ఎలా? ఇంగ్లండ్ ఎఫ్‌ఈ సంస్థల్లో నిధులు, సేఫ్‌గార్డింగ్, శిక్షణ చూసేవారికి సమగ్ర మార్గదర్శి

2024 నవంబరులో ఒక సాయంత్రం. మా సెంటర్ రిసెప్షన్‌లో ఒకావిడ కూర్చుని ఉంది. కేర్ హోమ్‌లో పని, ఏడాదికి 22,000 పౌండ్ల దాకా జీతం. ఇంగ్లిష్ నేర్పే ఈసాల్ క్లాసులో చేరదామని వచ్చింది. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి ఫారం చూసి, "మీ జీతం 20,319 దాటింది కదా, సగం ఫీజు మీరే కట్టుకోవాలి" అంది. ఆవిడ ఏమీ అనకుండా బ్యాగు తీసుకుని లేచింది.

ఆ ఫారంలో ఉన్న అంకె అంతకుముందు ఏడాదిది. ఆ ఆగస్టు 1 నుంచే తక్కువ జీతం హద్దు 25,000 పౌండ్లకు పెరిగింది. అంటే ఆవిడకు కోర్సు పూర్తిగా ఉచితం. ఆ మార్పు చెప్పిన అప్‌డేట్‌ని, అంటే ప్రభుత్వం నుంచి బుధవారం వచ్చే మెయిల్‌ని, మా ఆఫీసులో ముగ్గురం చదివాం. నేనూ చదివాను. ఫారం సంగతి మిగతా ఇద్దరిలో ఎవరో చూసుకుంటారని ముగ్గురమూ అనుకున్నాం. ఆవిడను ఆపి, క్షమాపణ చెప్పి చేర్చుకోగలిగాం. సెప్టెంబరు నుంచి అదే మాట విని వెళ్లిపోయినవాళ్లు ఎంతమందో మాత్రం తేలలేదు. చేరనివాళ్ల పేర్లు ఏ రికార్డులోనూ ఉండవు కదా.

అప్పటి నుంచి నేను పట్టుకున్న పద్ధతి ఇది. అప్‌డేట్‌ని చదివేస్తే పని అయిపోదు. అది ఒక మనిషి పేరు మీద, ఒక తేదీతో, ఒక పనిగా మారితేనే లెక్క.

ఇంగ్లండ్‌లో ఫర్దర్ ఎడ్యుకేషన్, అంటే ఎఫ్‌ఈ, మన ఇంటర్ కాలేజీ, ఐటీఐ, పాలిటెక్నిక్, వయోజన విద్య అన్నీ ఒకే కప్పు కింద ఉన్నట్టు ఉంటుంది. 16 ఏళ్ల పిల్లలు, అప్రెంటిస్‌లు, ఇంగ్లిష్ రాని అమ్మమ్మలు ఒకే క్యాంటీన్‌లో కూర్చుంటారు. డేటా టీముల్లో, పరీక్షల విభాగాల్లో, కంప్యూటింగ్ లెక్చరర్లుగా, గవర్నర్లుగా, అంటే కాలేజీ పాలకమండలి సభ్యులుగా, తెలుగువాళ్లు కనిపిస్తూనే ఉంటారు. వాళ్లలో ఈ పని కొత్తగా నెత్తిన పడినవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. ఇందులోని నిబంధనలు ఇంగ్లండ్‌వి మాత్రమే. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్ పద్ధతులు వేరు.

మొదటి అడుగు: ఎవరి మాట ఎక్కడ చెల్లుతుందో తెలుసుకోండి

2017 ఏప్రిల్ నుంచి నిధుల సంగతులన్నీ ఈఎస్‌ఎఫ్‌ఏ అనే ఏజెన్సీ చూసేది. 2025 మార్చి 31న దాన్ని మూసేసి, ఆ పనుల్ని విద్యాశాఖ, అంటే డీఎఫ్‌ఈ, తనలో కలుపుకుంది. బుధవారం బుధవారం వచ్చే బులెటిన్ ఇప్పుడు డీఎఫ్‌ఈ అప్‌డేట్ పేరుతో వస్తోంది. అందులో ఎఫ్‌ఈ సంస్థలకు వేరే సంచిక ఉంటుంది. దానికి సభ్యత్వం తీసుకోవడం ఉచితం. తీసుకునేటప్పుడు ఒక మనిషి మెయిల్‌కి కాకుండా, కనీసం ఇద్దరు తెరిచి చూసే ఉమ్మడి మెయిల్‌బాక్స్‌కి పెట్టించండి. ఆ ఒక్కరు సెలవులో ఉన్న వారమే ముఖ్యమైన సంగతి వస్తుంది.

ఇక్కడితో అయిపోదు. 2025 సెప్టెంబరులో పెద్దల నైపుణ్యాల శిక్షణ, అప్రెంటిస్‌షిప్‌లు, స్కిల్స్ ఇంగ్లండ్ సంస్థ, ఈ మూడూ ఉపాధి, పింఛన్ల శాఖ డీడబ్ల్యూపీకి మారాయి. 16–19 ఏళ్లవారి చదువు డీఎఫ్‌ఈ దగ్గరే ఉంది. మీ సంస్థ పాలసీల్లో, ఫారాల్లో ఇంకా ఈఎస్‌ఎఫ్‌ఏ పేరే ఉంటే ముందు అది సరిచేయండి. ఆడిటర్‌కి మొదటి పేజీలోనే పాత పేరు కనిపిస్తే మిగతా పేజీల మీద నమ్మకం పోతుంది.

పెద్దల కోర్సులకు డబ్బిచ్చే అడల్ట్ స్కిల్స్ ఫండ్‌లో సగానికి పైగా మేయర్ల చేతిలో ఉంది. లండన్, గ్రేటర్ మాంచెస్టర్, వెస్ట్ మిడ్‌లాండ్స్ లాంటి చోట్ల ఆ ప్రాంతపు నిబంధనలే వర్తిస్తాయి. ఇక్కడ చాలామంది పొరబడేది ఏమిటంటే, కాలేజీ ఎక్కడుందన్నది లెక్క కాదు, నేర్చుకునేవారి ఇల్లు ఏ పోస్ట్‌కోడ్‌లో ఉందన్నదే లెక్క. మీ సెంటర్ స్లౌలో ఉందనుకోండి. స్లౌలో ఉండేవారికి జాతీయ నిబంధన. పక్కనే హౌన్స్‌లోలో ఉండి బస్సెక్కి వచ్చేవారు లండన్ కిందికి వస్తారు, వాళ్లకు లండన్ నిబంధన. లండన్ నిధులు మీ సంస్థకు లేకపోతే, ఆ మనిషిని జాతీయ నిధి కింద చేర్చుకోవడం కుదరదు.

సేఫ్‌గార్డింగ్, అంటే పిల్లలకూ నిస్సహాయులైన పెద్దలకూ హాని జరగకుండా చూసే విషయంలో డీఎఫ్‌ఈ ఏటా ఇచ్చే చట్టబద్ధ మార్గదర్శకం, దానితోపాటు మీ ఊరి సేఫ్‌గార్డింగ్ పార్ట్‌నర్‌షిప్, అంటే కౌన్సిల్, పోలీసు, ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ కలిసి పెట్టిన పద్ధతులు, రెండూ చూడాలి. తనిఖీ సంగతులు విద్యాసంస్థల్ని తనిఖీ చేసే ఆఫ్‌స్టెడ్ దగ్గర ఉంటాయి.

రెండో అడుగు: "ఇది మనకు వర్తిస్తుందా?" అని మూడు ప్రశ్నలు వేయండి

బులెటిన్‌లో సంగతులు చర్య తీసుకోవాల్సినవి, సమాచారం కోసం ఇచ్చినవి, గుర్తు చేసేవి అని విడివిడిగా వస్తాయి. చర్య అని ఉన్నవి మాత్రమే చదివి మిగతావి వదిలేయడం పెద్ద పొరపాటు. సమాచారం కింద వచ్చినదే ఆరు నెలల తర్వాత చర్య అవుతుంది.

ప్రతి సంగతికీ మూడు ప్రశ్నలు. మనం ఏ రకం సంస్థ? మన దగ్గర ఆ రకం విద్యార్థులున్నారా? మన విద్యార్థులు ఉండే ప్రాంతానికి అది వర్తిస్తుందా?

మొదటి ప్రశ్నకు ఒక ఉదాహరణ. 2022 నవంబరు 29న జాతీయ గణాంకాల కార్యాలయం ఎఫ్‌ఈ కాలేజీలను ప్రభుత్వ రంగంలోకి చేర్చింది. అప్పటి నుంచి వాళ్లు అప్పు తీసుకోవాలన్నా ప్రభుత్వ నిబంధనలకు లోబడాలి. 2024 ఆగస్టు 1 నుంచి కాలేజీలకు ప్రత్యేకంగా ఆర్థిక హ్యాండ్‌బుక్ అమల్లోకి వచ్చింది. జులై 31కల్లా ఆర్థిక అంచనాల రిటర్న్, డిసెంబరు 31కల్లా ఆడిట్ అయిన లెక్కలు పంపాలి. మీది ప్రైవేటు శిక్షణ సంస్థ అయితే ఇవేవీ మీకు పట్టవు, మీ కాంట్రాక్టు షరతులే మీకు ముఖ్యం. వర్తించదని తేలినప్పుడు కూడా ఆ మాటను, తేల్చినవారి పేరును ఒక వరుసలో రాసిపెట్టండి. ఆరు నెలల తర్వాత "దీన్ని ఎందుకు వదిలేశారు?" అని ఎవరైనా అడిగితే జవాబు ఉంటుంది.

ఇప్పుడే పని లేకపోయినా డైరీలో పెట్టుకోవాల్సినవి కొన్ని ఉంటాయి. 2017 మే 22న మాంచెస్టర్ అరీనాలో జరిగిన బాంబు దాడిలో చనిపోయిన మార్టిన్ హెట్ పేరు మీద, అతని తల్లి ఫిగెన్ ముర్రే ఏళ్ల తరబడి చేసిన పోరాటంతో, 2025 ఏప్రిల్ 3న ఒక చట్టం వచ్చింది. జనం పోగయ్యే చోట్ల దాడి జరిగితే ఏం చేయాలో ముందే ఏర్పాటు ఉండాలంటుంది. ఎఫ్‌ఈ కాలేజీలకూ అది వర్తిస్తుంది. అమలుకు కనీసం 24 నెలల గడువిచ్చారు. ఇలాంటిదాన్ని ఆర్నెల్లకోసారి గుర్తుచేసేలా క్యాలెండర్‌లో పెట్టేయండి. 2025 అక్టోబరు శ్వేతపత్రంలో ప్రకటించిన వీ లెవెల్స్ అనే కొత్త వృత్తివిద్యా కోర్సులు కూడా ఈ కోవలోదే.

మూడో అడుగు: ఒక్క సంగతికి ఒక్క వరుస

పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. అందరికీ తెరుచుకునే ఒక స్ప్రెడ్‌షీట్ చాలు. నా దాంట్లో ఏడు గడులుంటాయి: ఏం మారింది, ఎప్పటి నుంచి, ఏ కాగితం లేదా స్క్రీన్ మారాలి, ఎవరు మార్చాలి, ఎప్పటికల్లా, ఎవరికి చెప్పాలి, మారిందనడానికి రుజువు ఏది.

జీతం హద్దు సంగతే తీసుకుందాం. 2025-26కి ఆ హద్దు 25,750 పౌండ్లయింది. ఈసారి నేను రాసిన వరుస ఇలా ఉంది. మార్పు: తక్కువ జీతం హద్దు 25,000 నుంచి 25,750కి. అమలు: ఆగస్టు 1. మారాల్సినవి: ఎన్రోల్‌మెంట్ ఫారం రెండో పేజీ, వెబ్‌సైట్‌లో ఫీజుల పేజీ, రిసెప్షన్ కౌంటర్ వెనక అంటించిన కాగితం, వాట్సాప్‌లో పంపే పోస్టర్. చేసేవారు: నలుగురి పేర్లు విడివిడిగా. గడువు: జులై 25. చెప్పాల్సింది: రిసెప్షన్, ట్యూటర్లు. రుజువు: కొత్త ఫారం ఫొటో, తేదీతో.

నాలుగు చోట్ల నలుగురి పేర్లు ఎందుకంటారా? "అడ్మిన్ టీం" అని రాస్తే ఎవరూ చేయరు. గోడకంటించిన కాగితాన్ని ఎవరూ డాక్యుమెంటుగా చూడరు, కానీ కౌంటర్‌లో మనిషి చూసేది దాన్నే.

నాలుగో అడుగు: నిధుల మార్పుని డేటా దాకా తీసుకెళ్లండి

నిధుల ఏడాది ఆగస్టు 1న మొదలై జులై 31తో ముగుస్తుంది. ప్రతి విద్యార్థి వివరాలూ ఐఎల్‌ఆర్ అనే రికార్డులో నెలనెలా పంపాలి. మొదటి రిటర్న్ ఆర్01 సెప్టెంబరు మొదట్లో, చివరిది ఆర్14 మరుసటి ఏడాది అక్టోబరులో. మధ్యలో నెలవారీ గడువు సాధారణంగా నాలుగో పనిదినం. ఆర్14 దాటాక ఆ ఏడాది డేటా తలుపు మూసుకున్నట్టే. కాబట్టి నిధుల మార్పు ఏదొచ్చినా ముందు అడగాల్సింది ఇదే: ఇది ఐఎల్‌ఆర్‌లో ఏ గడిని మారుస్తుంది, ఏ రిటర్న్ నుంచి?

16–19 ఏళ్లవారి నిధుల్లో ఈ ఏడాది సంఖ్యే వచ్చే ఏడాది డబ్బు. 580 గంటలు, అంతకు మించి ప్లాన్ చేసిన 16–17 ఏళ్ల పూర్తికాల విద్యార్థికి 2025-26 జాతీయ రేటు 5,105 పౌండ్లు. 24 వారాలకు తగ్గని కోర్సులో కనీసం ఆరు వారాలు, అంటే 42 రోజులు, ఉంటేనే ఆ విద్యార్థి లెక్కలోకి వస్తాడు. సెప్టెంబరు మొదటి వారంలో చేరిన పిల్లల 42 రోజులు అక్టోబరు మధ్యలో నిండుతాయి. ఆ ఆరు వారాల్లో హాజరు పడిపోయిన ప్రతి పిల్లాడికీ వారంలోపు ఫోన్ వెళ్లాలి. డబ్బు కోసం అనుకోకండి. మొదటి నెలలో కోర్సు నచ్చకో, బస్సు ఖర్చు భరించలేకో ఆగిపోయేవాళ్లు ఎక్కువ. బస్సు ఖర్చయితే బర్సరీ అనే ఆర్థిక సాయం ఉంది. కోర్సు నచ్చకపోతే ఇంకోదానికి మార్చే సమయం ఇంకా ఉంటుంది.

మానేసిన విద్యార్థి విషయంలో ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. చివరి తేదీ అంటే ఫారం మీద సంతకం పెట్టిన తేదీ కాదు, చివరిసారి చదువుకి హాజరైనట్టు రుజువున్న తేదీ. రిజిస్టర్‌లో అక్టోబరు 9 తర్వాత హాజరు లేని అమ్మాయికి ట్యూటర్ నవంబరు 20న ఫారం నింపితే, డేటాలో అక్టోబరు 9 అనే ఉండాలి. ఆడిట్‌లో డబ్బు వెనక్కి కట్టించే తప్పుల్లో నేను ఎక్కువసార్లు చూసింది ఇదే.

గణితం, ఇంగ్లిష్‌లలో జీసీఎస్‌ఈ, అంటే మన పదో తరగతి లాంటి పరీక్షలో, గ్రేడ్ 4 రానివాళ్లు ఆ సబ్జెక్టుల్ని కొనసాగించాలన్నది నిధులకు షరతు. 2025-26 నుంచి పూర్తికాల విద్యార్థికి ఒక్కో సబ్జెక్టుకి ఏడాదికి 100 గంటలు నేరుగా క్లాసులో ఉండాలి. ఇది డేటా టీం సరిచేసే పని కాదు, టైమ్‌టేబుల్ వేసేవారు జూన్‌లోనే చూసుకోవాల్సింది. సెప్టెంబరులో గుర్తొస్తే గదీ ఉండదు, లెక్చరరూ ఉండరు.

పెద్దల నిధుల దగ్గర తెలుగువారికి నేరుగా తగిలే సంగతి ఒకటుంది. స్కిల్డ్ వర్కర్ వీసాపై వచ్చినవారి భార్యలు, భర్తలు చాలామంది వీసా మీద "నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్" (ప్రభుత్వ సాయానికి అర్హత లేదు) అని చూసి తమకు ఏ కోర్సూ రాదనుకుంటారు. కౌంటర్‌లో ఉన్నవాళ్లూ అదే చెప్పి పంపేస్తారు. జాతీయ అడల్ట్ స్కిల్స్ ఫండ్ నిబంధనల్లో స్పష్టంగా ఉంది: పబ్లిక్ ఫండ్స్‌లో చదువు, చదువుకిచ్చే నిధులు లేవు. ఆ ముద్ర వల్ల అర్హత పోదు. చూడాల్సింది మామూలు అర్హతే, ముఖ్యంగా గత మూడేళ్లుగా ఇక్కడ చట్టబద్ధంగా నివసిస్తున్నారా అన్నది. చదువు కోసమే స్టూడెంట్ వీసాపై వచ్చినవారి సంగతి వేరు, వాళ్లకు ఇది వర్తించదు. ఈ ఒక్క పేరాని తెలుగులో అచ్చు వేయించి మీ రిసెప్షన్‌లో పెట్టినా మేలే. మూడేళ్లుగా ఇంట్లో కూర్చున్న బీటెక్ అమ్మాయి అకౌంట్స్ కోర్సులో చేరడానికి అడ్డు నిబంధన కాదు, మన అజ్ఞానం.

అప్రెంటిస్‌షిప్‌ల సంగతి క్లుప్తంగా. 2025 ఆగస్టు నుంచి కనీస వ్యవధి 12 నెలల నుంచి 8 నెలలకు తగ్గింది. 19 దాటి చేరినవారికి ఇంగ్లిష్, గణితం పాసవడం తప్పనిసరి కాదు, ఆ నిర్ణయం యజమానిది. 2026 జనవరి నుంచి పీజీ స్థాయి అయిన లెవెల్ 7లో కొత్తగా చేరేవారిలో 16–21 ఏళ్లవారికే ప్రభుత్వ డబ్బు. కేర్‌లో పెరిగినవారికి, ప్రత్యేక అవసరాలకు ఇచ్చే ఈహెచ్‌సీపీ అనే ప్రణాళిక ఉన్నవారికి 25 లోపు దాకా సడలింపు ఉంది. సేల్స్ టీం యజమానులకు ఇచ్చే కరపత్రాలు మీ దగ్గరున్నవే కాదు, వాళ్ల కార్ల డిక్కీల్లో ఉన్నవి కూడా మార్పించండి.

ఐదో అడుగు: సేఫ్‌గార్డింగ్ మార్పుని మనుషుల దాకా తీసుకెళ్లండి

పిల్లలకూ, తమను తాము కాపాడుకోలేని స్థితిలో ఉన్న పెద్దలకూ హాని జరగకుండా చూసుకోవడమే సేఫ్‌గార్డింగ్. కీపింగ్ చిల్డ్రన్ సేఫ్ ఇన్ ఎడ్యుకేషన్ అనే చట్టబద్ధ మార్గదర్శకం కొత్త రూపు ఏటా సెప్టెంబరు 1న అమల్లోకి వస్తుంది. కాలేజీలకు ఇది ముందు నుంచీ ఉంది. 2021లో వచ్చిన చట్టంతో 16–19 ఏళ్లవారికి చదువు చెప్పే ప్రైవేటు శిక్షణ సంస్థలకూ బాధ్యత స్పష్టంగా విస్తరించింది. "మేం చిన్న సంస్థ, మా దగ్గర 17 ఏళ్లవాళ్లు నలుగురే" అనే మాట చెల్లదు. ఆ నలుగురూ పిల్లలే.

కొత్త రూపు రాగానే చేయాల్సినవి ఇవి. మార్పుల జాబితా చివర అనుబంధంలో ఉంటుంది, ముందు అది చదవండి. 2023లో ఇంటర్నెట్ ఫిల్టరింగ్, మానిటరింగ్ బాధ్యత ఎవరిదో స్పష్టం చేశారు. 2025లో ఆన్‌లైన్ ప్రమాదాల్లో తప్పుడు సమాచారం, కుట్ర కథల్ని చేర్చారు. మీ పాలసీలో ఆ మాటలు చేర్చడం పది నిమిషాల పని. మీ ఫిల్టర్ కాలేజీ వైఫైలో ఫోన్లకీ పనిచేస్తోందా, ల్యాబ్ కంప్యూటర్లకే పనిచేస్తోందా అన్నది ఒక పిల్లాడి ఫోన్ పక్కన కూర్చుని చూస్తేనే తెలుస్తుంది. చూడండి.

సిబ్బంది అందరూ ఆ మార్గదర్శకం మొదటి భాగం చదివినట్టు సంతకం తీసుకోవాలి. పిల్లలతో నేరుగా పనిచేయనివారికి క్లుప్త రూపం ఉంది. క్లీనర్లు, క్యాంటీన్ వాళ్లు, ఏజెన్సీ లెక్చరర్లు, సెక్యూరిటీ మనుషులు, వీళ్లందరూ సిబ్బందే. ఏడుస్తున్న పిల్ల మొదట కనిపించేది బాత్రూం శుభ్రం చేసే ఆవిడకే. ఆవిడకు డీఎస్‌ఎల్ ఎవరో, వాళ్ల ఫోన్ నంబరు ఏమిటో తెలియాలి. డీఎస్‌ఎల్ అంటే సేఫ్‌గార్డింగ్‌కి బాధ్యుడిగా పెట్టిన పెద్ద అధికారి. సిబ్బందిలోనే ఎవరి మీదైనా ఆరోపణ వస్తే స్థానిక అధికార సంస్థలో లాడో అనే అధికారికి చెప్పాలి. ఈ రెండు పేర్లూ ఐడీ కార్డు వెనక అచ్చు వేయించిన సంస్థలున్నాయి. నాకు నచ్చిన ఏర్పాటు అది.

ఇప్పుడు మనవాళ్ల సంగతి. వేసవి సెలవులకు ముందు జూన్‌లో ఒక 17 ఏళ్ల తెలుగమ్మాయి లైబ్రరీలో నా దగ్గరికొచ్చి, ప్రింటర్ దగ్గర నిలబడి, చాలా మామూలుగా అడిగింది: "అక్కా, సెప్టెంబరులో నేను రాకపోతే నా సీటు ఎవరికిస్తారు?" ఎందుకు రావని అడిగితే, ఊరికి వెళ్తున్నాం, రిటర్న్ టికెట్ నాన్న ఇంకా తీయలేదంది. నాకు ముందు తోచింది మనందరికీ తోచేదే. వాళ్ల నాన్న గుడిలో కనిపిస్తారు, పెద్దమనిషి, ఒకసారి మాట్లాడదాం అనిపించింది.

అది చేయకూడదు. బలవంతపు పెళ్లి అనుమానం ఉన్నప్పుడు ఇంటివాళ్లతో మాట్లాడటం, పెద్దమనుషులతో రాజీ కుదర్చడం, బంధువునో తెలిసినవారినో దుబాసీగా పెట్టుకోవడం ఆ అమ్మాయిని ప్రమాదంలోకి నెడతాయి. టికెట్ ముందుకు జరుగుతుంది, ఫోన్ చేతిలోంచి పోతుంది. దీన్నే ఇక్కడ ఒకే అవకాశం సూత్రం అంటారు. ఆ పిల్లతో మాట్లాడే అవకాశం మనకు ఒక్కసారే రావచ్చు, దాన్ని పాడుచేయకూడదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో బలవంతపు పెళ్లి 2014 నుంచి నేరం. 2023 ఫిబ్రవరి 27 నుంచి పెళ్లికి కనీస వయసు 18. ఆలోపు పిల్లకి పెళ్లి ఏర్పాటు చేస్తే, బలవంతం లేకపోయినా, చట్టబద్ధం కాని సంప్రదాయ వేడుక అయినా, నేరమే.

నేను చేసింది ఇంతే. గొంతు మార్చకుండా విన్నాను. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వలేదు, "దీన్ని చూసుకునే మేడమ్‌కి చెప్పాలి, ఆవిడ నీ వైపే ఉంటారు" అన్నాను. ఆ అమ్మాయి వాడిన మాటలు తెలుగులో ఎలా అందో అలాగే రాసుకుని, పది నిమిషాల్లో డీఎస్‌ఎల్ గదిలో ఉన్నాను. అక్కడి నుంచి సోషల్ కేర్, ఫోర్స్‌డ్ మ్యారేజ్ యూనిట్ చూసుకున్నాయి. తక్షణ ప్రమాదమైతే 999కి ఫోన్ చేయాలి. ఆ అమ్మాయి సెప్టెంబరులో క్లాసుకి వచ్చింది.

సమాజం చిన్నది, అందరం అందరికీ తెలుసు. అందుకే మనం ఇంకా జాగ్రత్తగా ఉండాలి. భాష తెలిసినందువల్ల పిల్లలు మన దగ్గరికొస్తారు. ఆ నమ్మకాన్ని కుటుంబం చేతిలో పెట్టకూడదు.

ఇక కాగితాల వైపు. ప్రతి ఉద్యోగి నేపథ్య తనిఖీల వివరాలూ ఒకేచోట ఉండే సింగిల్ సెంట్రల్ రికార్డ్‌ని టర్ముకోసారి వేరే మనిషి చేత చూపించండి. ప్రివెంట్ బాధ్యత, అంటే ఉగ్రవాదం వైపు లాగబడకుండా చూసే బాధ్యత, 2015 చట్టం నుంచి ఉంది, సవరించిన మార్గదర్శకం 2023 డిసెంబరు 31న అమల్లోకి వచ్చింది. ఆఫ్‌స్టెడ్ 2025 నవంబరు నుంచి కొత్త రిపోర్ట్ కార్డులతో తనిఖీ చేస్తోంది. అందులో మిగతా అంశాలకు ఐదు స్థాయిలు ఉంటే, సేఫ్‌గార్డింగ్‌కి రెండే: ప్రమాణాలు అందుకుంది లేదా అందుకోలేదు.

ఆరో అడుగు: శిక్షణ అంటే సర్టిఫికెట్ కాదు

డీఎస్‌ఎల్ శిక్షణ కనీసం రెండేళ్లకోసారి తాజా కావాలి, మధ్యలో కనీసం ఏడాదికోసారి కొత్త సంగతులు తెలుసుకోవాలి. మిగతా సిబ్బందికి చేరినప్పుడు ఒకసారి, తర్వాత కనీసం ఏటా. గవర్నర్లకూ చేరినప్పుడు శిక్షణ ఉండాలి.

ఆగస్టు చివర అందరినీ హాల్లో కూర్చోబెట్టి రెండు గంటలు స్లైడ్లు చూపించడం వల్ల సంతకాలొస్తాయి, మనుషులు మారరు. మేం ఇప్పుడు ప్రతి బుధవారం మర్నాడు ఉదయం పదిహేను నిమిషాలు నిలబడి మాట్లాడుకుంటాం. ఒక మార్పు, ఒక సన్నివేశం, ఒక ప్రశ్న. "శుక్రవారం సాయంత్రం ఐదున్నర. డీఎస్‌ఎల్ వెళ్లిపోయారు. ఒక అబ్బాయి ఇంటికి వెళ్లనంటున్నాడు. నువ్వేం చేస్తావ్?" మొదటిసారి ఈ ప్రశ్న వేస్తే ఎనిమిదిమందిలో ఇద్దరికే డిప్యూటీ డీఎస్‌ఎల్ పేరు తెలుసు. నెల తర్వాత అందరూ చెప్పారు. హాజరైనవారి పేర్లు, ఆ రోజు ప్రశ్న, రెండూ రాసిపెడితే అదే శిక్షణ రికార్డు.

లెక్చరర్ల అర్హతల వైపు కూడా ఒక కన్నేయండి. 2024 సెప్టెంబరు నుంచి ఎఫ్‌ఈ బోధనకు కొత్త లెవెల్ 5 డిప్లొమా వచ్చింది. పాత అర్హతల పేర్లతో ఉద్యోగ ప్రకటనలు ఇంకా తిరుగుతున్నాయి, మార్చండి. కంప్యూటింగ్, గణితం, ఇంజినీరింగ్, నిర్మాణం లాంటి కొరత ఉన్న సబ్జెక్టుల్లో తొలి ఐదేళ్లలో ఉన్న లెక్చరర్లకు 2024-25లో 6,000 పౌండ్ల దాకా ప్రోత్సాహకం మొదలుపెట్టారు. దరఖాస్తు లెక్చరరే చేసుకోవాలి. గడువు ముగిశాక "నాకెవరూ చెప్పలేదు" అన్న కంప్యూటింగ్ సారు ముఖం నాకింకా గుర్తే. ఇలాంటి సంగతి వస్తే బులెటిన్ ఫార్వర్డ్ చేసి ఊరుకోకండి, ఆ మనిషి దగ్గరికి వెళ్లి చెప్పండి.

ఏడో అడుగు: నెలకోసారి వెనక్కి వెళ్లి చూడండి

నెలలో చివరి శుక్రవారం, షీట్‌లో "అయిపోయింది" అని ఉన్న వరుసల్లోంచి ఏదో ఒకటి తీయండి. రుజువు ఫైలు చూడకండి. నేరుగా ఆ మార్పు తగలాల్సిన చోటికి వెళ్లండి. ఫీజు మార్పైతే రిసెప్షన్‌లో కొత్తవారిలా నిలబడి ఫీజు అడగండి. సేఫ్‌గార్డింగ్ మార్పైతే క్యాంటీన్‌లో ఒకర్ని డీఎస్‌ఎల్ పేరు అడగండి. డేటా మార్పైతే ముగ్గురు విద్యార్థుల ఫైళ్లు తీసి, కాగితం మీదున్నదీ ఐఎల్‌ఆర్‌లో ఉన్నదీ పక్కపక్కన పెట్టండి. తప్పు దొరికితే ఆ వరుస మళ్లీ తెరవండి, ఎవరినీ నలుగురిలో నిలదీయకండి. భయపడిన మనిషి తర్వాతి తప్పుని దాచేస్తాడు.

గవర్నర్లకు టర్ముకోసారి ఒకే పేజీ ఇవ్వండి: ఎన్ని మార్పులొచ్చాయి, ఎన్ని గడువు దాటాయి, ఎందుకు.

జులై, ఆగస్టుల్లో మాత్రం అదనపు జాగ్రత్త కావాలి. కొత్త ఏడాది నిధుల నిబంధనలు, సెప్టెంబరు సేఫ్‌గార్డింగ్ రూపు, ఎన్రోల్‌మెంట్ రద్దీ, సగం ఆఫీసు సెలవులు, అన్నీ ఒకేసారి వచ్చేది అప్పుడే. మా షీట్ పైన మొదటి వరుసలో జులై మొదటి వారం నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా ఒక్కో బుధవారానికీ ఒక పేరు, ఆ మనిషి లేకపోతే చూసే రెండో పేరు రాసి ఉంటాయి. ఈ ఏడాది ఆగస్టు రెండో బుధవారం ఎదురుగా, ఆ రోజు కౌంటర్‌లో పాత ఫారం చదివిన అమ్మాయి పేరుంది. ఆ వరుస తనే అడిగి తీసుకుంది.